మూడో కొక్కెం

మా క్లబ్బులో మూడు బల్లలు. కిటికీ పక్కన పెద్ద బల్ల, చలిమంట గూటి దగ్గర మధ్య బల్ల, మరుగుదొడ్డి తలుపు పక్కన చిన్న బల్ల. మూడింటి మీదా ఆడేది పోకరే. తేడా అంతా డబ్బులో ఉంది. పెద్ద బల్ల దగ్గర కూర్చోవాలంటే వెయ్యి యూరోలు ముందు పెట్టుకోవాలి. మధ్య బల్లకి రెండొందలు, చిన్న బల్లకి యాభై. మధ్య బల్ల నుంచి చిన్న బల్లకి పదకొండు అడుగులు. నేను లెక్కపెట్టాను. డెబ్భై ఒక్క ఏళ్ళ నోరీన్ నా మూలంగా ఆ పదకొండు అడుగులూ నడిచింది. పదిహేనేళ్ళుగా కూర్చుంటున్న కుర్చీ పోగొట్టుకుంది. ఈ సంగతి నేను ఎలా చెప్పినా నాకు మంచి పేరు రాదు. రావాలని చెప్పడం లేదు.

నా పేరు ఫిన్టన్. లిమరిక్ చుట్టుపక్కల స్నానాల గదులకి టైల్స్ అంటిస్తాను. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ చేతులు బాగానే ఉన్నాయి. నోరీన్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. ఆవిడకి భర్త పోయి చాలా కాలమైంది, నాకు పెళ్ళి కాలేదు. ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలయ్యాక, కార్పెట్ల కొట్టు పైన ఉన్న మా క్లబ్బుకి చేరడం ఇద్దరికీ అలవాటు. ఆరేళ్ళ కింద ఒక వానాకాలం ఇద్దరం వరసగా ఓడిపోయి, చేతులు కాల్చుకుని, ఆవిడ వంటింట్లో టీ తాగుతుంటే నోరీన్ అంది, "ఒరే నాన్నా, మనిద్దరిదీ కలిపి ఒక డబ్బా పెడదాం. ఒకరు జారితే ఇంకొకరు పట్టుకోవచ్చు."

డబ్బా అంటే నిజంగా డబ్బాయే. క్రిస్మస్‌కి ఎవరో ఇచ్చిన బిస్కెట్ల రేకు డబ్బా. చెరి ఏడొందల యాభై వేశాం. దానికి నోరీన్ మూడు నియమాలు పెట్టింది. ఇంటి డబ్బు డబ్బాలోకి రాకూడదు, డబ్బా డబ్బు ఇంట్లోకి పోకూడదు. ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నా, ఆ బల్లకి ముప్ఫై సార్లు కూర్చోగల డబ్బు డబ్బాలో ఉండాలి. ఇరవై సార్లకి కూడా చాలకుండా పోతే ఇద్దరూ లేచి కింది బల్లకి పోవాలి. ఓడింది ఎవరైనా సరే, దిగేది ఇద్దరూ. ఆ ఇరవై సార్ల డబ్బు మళ్ళీ చేరితే తిరిగి పైకి రావచ్చు.

"ఓడిపోయిన రోజు కూడా అన్నం రుచి తెలియాలి. తెలియలేదంటే నువ్వు నీది కాని బల్ల దగ్గర కూర్చున్నట్టు," అనేది.

మేము మొదలుపెట్టింది చిన్న బల్ల దగ్గరే. నోరీన్‌కి అదేమీ నామోషీ కాలేదు. మధ్య బల్ల దగ్గరున్న తన కుర్చీ వదిలేసి వచ్చి నాతో పాటు కూర్చుంది. రెండేళ్ళు యాభై యూరోల ఆట ఆడి, మెల్లగా పైకి వచ్చాం. నా బుద్ధి గడ్డి తినే నాటికి డబ్బాలో ఆరు వేలు ఉన్నాయి. మధ్య బల్లకి సరిగ్గా ముప్ఫై సార్లు.

ఇక్కడ కప్పుల సంగతి చెప్పాలి. క్లబ్బు నడిపే బార్నీ, రోజూ వచ్చే ప్రతి మనిషికీ పేరు రాసిన టీ కప్పు ఒకటి చేయించాడు. ప్రతి బల్ల పక్క గోడకీ కొక్కేల వరస ఉంటుంది. ఎవరి కుర్చీ వెనక వాళ్ళ కప్పు. డబ్బు తగ్గి నాలుగు వారాలో నాలుగు నెలలో కింది బల్లకి పోయినా కప్పు కదలదు. మనిషి ఇక పైకి రాడని అందరికీ తెలిశాకే బార్నీ కప్పు మారుస్తాడు. నేను చేరాక అలా మూడు కప్పులు మారడం చూశాను. ఒకాయనకి పక్షవాతం వచ్చింది, ఒకావిడకి మతిమరుపు, ఒకాయన సంసారం పేకలో పోయింది. నోరీన్ కప్పు మధ్య బల్ల గోడకి మూడో కొక్కేన వేలాడేది. ఆ రెండేళ్ళు చిన్న బల్ల దగ్గర ఆడినప్పుడు కూడా అక్కడే ఉంది.

పోయిన వేసవికి ముందు వేసవిలో నోరీన్ కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది. అయ్యాక రెండు వారాలు గాల్వేలో వాళ్ళ చెల్లెలింట్లో ఉండాలి. బయలుదేరే ముందు డబ్బా నా చేతికిచ్చింది.

"ఇల్లు ఖాళీగా ఉంటుంది, నీ దగ్గర ఉంచు."

"నేను కార్క్‌లో ఉంటాను నోరీన్, హోటల్ పని. రెండు వారాలు."

"అయితే కార్క్ తీసుకుపో. నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే కదరా!"

ఆ మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. గుర్తు లేకపోతే బాగుండు.

కార్క్‌లో ఒక గురువారం మధ్యాహ్నం పని ఆగింది. రావలసిన టైల్స్ లారీ రాలేదు. హోటల్ వెనక వీధిలో పేకాట క్లబ్బు ఉందని అక్కడి ప్లంబర్ చెప్పాడు. డబ్బాలోంచి రెండొందలు తీసుకుని వెళ్ళాను. అందులో తప్పు లేదు, నియమం ప్రకారమే. అయితే అక్కడ మా స్థాయి బల్ల నిండిపోయి ఉంది. ఆరుగురి పేర్లు నా ముందు రాసి ఉన్నాయి. ఖాళీ కుర్చీ ఒక్కటే, అదీ పెద్ద బల్ల దగ్గర.

గోడకి ఆనుకుని నిలబడ్డాను. పని బట్టల్లోనే ఉన్నాను, ప్యాంటు నిండా సిమెంటు మరకలు. పెద్ద బల్ల దగ్గర పాతికేళ్ళవాడొకడు, పేరు రోనన్, పందెం బిళ్ళలు వేళ్ళ మధ్య తిప్పుతూ నన్ను చూశాడు.

"పెద్దాయనా, నిలబడ్డారేం? కుర్చీ కరవదులే, రండి."

"నా బల్ల అది కాదు బాబూ."

"ఎక్కడి నుంచి?"

"లిమరిక్."

"ఓహో, లిమరిక్కా! భక్తుల ఊరు. పోనీలెండి, చర్చి పెట్టెలో వేసే చిల్లర మిగుల్చుకోవాలిగా." బల్లంతా నవ్వింది. అక్కడ ఆటగాళ్ళకి ముక్కలు పంచే అమ్మాయి కూడా నవ్వు ఆపుకుంది.

నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఇంతకంటే పెద్ద మాటలు పడ్డాను, దులుపుకున్నాను. ఆ పంచే అమ్మాయి నవ్వు ఆపుకోవడం మాత్రం నన్ను ఎక్కడో పొడిచింది. వ్యాన్ దగ్గరికి వెళ్ళాను. సీటు కింద డబ్బా తీశాను. జేబులోని రెండొందలతో కలిపి వెయ్యి లెక్కపెట్టుకున్నాను. వెనక్కి నడుస్తూ నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, మధ్య బల్ల దగ్గర ఆడే ఆటే ఇక్కడా ఆడతాను, ముక్కలు అవే కదా అని. పేకాడే ప్రతి వెధవా తన గొయ్యి తను తవ్వుకునేటప్పుడు ఇదే చెప్పుకుంటాడు.

ముక్కలు అవే. చేతులు నావి కావు. మధ్య బల్ల దగ్గర అరవై యూరోలు వేయాల్సి వస్తే, ఎదుటివాడి మొహం చూస్తాను, ముందు ఎలా ఆడాడో గుర్తు తెచ్చుకుంటాను. ఇక్కడ మూడొందలు వేయాల్సి వస్తే నాకు ఎదుటివాడు కనిపించలేదు. నోరీన్ ఆదివారాలు కనిపించాయి. ఇది ఆవిడ నెల రోజుల గెలుపు, ఇది ఈస్టర్ వారం గెలుపు, ఇది జ్వరంతో వచ్చి కూర్చుని గెలిచింది. అలా ఆడేవాడిని ఎవడైనా వాసన పట్టేస్తాడు. గంటలో వెయ్యీ పోయాయి.

అప్పుడైనా లేచి పోవాల్సింది. మళ్ళీ వ్యాన్‌కి వెళ్ళి పదిహేనొందలు తెచ్చాను.

ఇక ఆ ఆట. చెప్పడానికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నా చేతిలో రెండు రాజులు, ఇస్పేటు, ఆఠీను. బల్ల మీద అందరికీ కనిపించేలా ఐదు ముక్కలు పరిచారు. మొదటి నాలుగూ చిన్న చితకా. ఆ నాలుగూ పడేలోగా నేను పదకొండొందలు పెట్టాను, రోనన్ కూడా అంతే పెట్టాడు. చివరి ముక్క ఆసు పడింది. రోనన్ నా ముందు మిగిలిన నాలుగొందల వైపు గడ్డం ఆడించి, "అవి కూడా పెట్టండి పెద్దాయనా," అని తన బిళ్ళలు తోశాడు.

మధ్యలో రెండు వేల పైచిలుకు ఉంది. అది గెలవడానికి నేనింకా పెట్టాల్సింది నాలుగొందలు. మా చిన్న బల్ల దగ్గర నిన్న గాక మొన్న నేర్చుకున్న ముసలమ్మ కూడా కళ్ళు మూసుకుని పెడుతుంది. వాడి దగ్గర ఆసు ఉంటే పోతాయి, లేకపోతే అంతా నాది. నేను ఆ నాలుగొందలు చూస్తూ కూర్చున్నాను. ఇవైనా మిగిలితే నోరీన్‌కి చెప్పుకోవడానికి కొంచెం తక్కువవుతుంది అనుకున్నాను. రాజులు బోర్లా పడేసి ఆ ఆట వదులుకున్నాను.

రోనన్ తన ముక్కలు తిప్పి చూపించాడు. ఏడు, ఎనిమిది. జతైనా కలవలేదు.

"థాంక్స్ పెద్దాయనా, ఈ నెల అద్దె కట్టేశారు."

పంచే అమ్మాయి ఈసారి నవ్వలేదు. తల దించుకుని ముక్కలు పోగుచేసింది. అదే ఎక్కువ బాధ. నాలుగొందలు జేబులో పెట్టుకుని వ్యాన్‌లో కూర్చుని చాలా సేపు స్టీరింగ్ పట్టుకునే ఉన్నాను. డబ్బాలో మూడు వేల తొమ్మిదొందలు. మధ్య బల్లకి ఇరవై సార్లంటే నాలుగు వేలు కావాలి. గీత కింద వంద.

నోరీన్ గాల్వే నుంచి వచ్చిన రోజు ఆవిడ వంటింట్లో కూర్చున్నాం. ఆవిడ ఆనందం పట్టలేకుండా ఉంది.

"ఈ కిటికీ ఇంత మురికిగా ఉంటే ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంట్రా? బయట ఆ పిట్ట కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి! అయ్యో ఫిన్టన్, నీ బట్టతల ఇంత పెరిగిందా!"

నేను నవ్వాను. నవ్వాను అంటే పళ్ళు బయటపెట్టాను. తర్వాత ఆవిడ అలవాటు ప్రకారం డబ్బా మూత తీసి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. తలెత్తింది.

నిజం నాలుక చివర ఉంది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మన బల్ల దగ్గరే నోరీన్. కార్క్‌లో. రెండు వారాల్లో పదీ పదకొండు సార్లు కూర్చున్నాను. ఒక్క ముక్క కలవలేదు."

ఆవిడ బల్ల మీదుగా చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. "పదకొండు సార్లా! అయ్యో నాన్నా, ఎంత నలిగిపోయావో! ఫోన్ చెయ్యకూడదూ?"

తిట్టి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. చెయ్యి పట్టుకుంటే ఎలా చెప్పను? ఇలా అనడం కూడా నా పిరికితనానికి ఆవిడ మంచితనాన్ని సాకు చేసుకోవడమే. తెలుసు.

"వందే కదా తక్కువ, నా జేబులోంచి వేసేస్తాను," అన్నాను.

"ఇంటి డబ్బా? నీకేమైనా పిచ్చా?" అని డబ్బా మూత పెట్టేసింది. "దిగుదాం. దానికేముంది, ఇంతకు ముందు దిగలేదా! ఆరు వారాలు, మహా అయితే ఎనిమిది."

ఆదివారం వ్యాన్ నిలపడానికి చోటు దొరక్క క్లబ్బుకి పావుగంట ఆలస్యంగా వెళ్ళాను. మెట్ల మీద మాట్టీ ఎదురయ్యాడు. ఆయన చిన్న బల్ల మనిషి, పాత బస్సు కండక్టర్, నోట్లో నువ్వు గింజ నానదు.

"పాపం నోరీన్ సంగతి విన్నావా? నువ్వు వినకపోవడమేంటిలే, నీ డబ్బూ పోయిందిగా! గాల్వేలో డాక్టర్ వద్దన్నా వినకుండా ఆడిందట. ఇస్పేటుని కళావరు అనుకుందట. తొమ్మిదిని ఆరనుకుందట. ఆపరేషన్ సరిగ్గా కుదరలేదట. ఎంత పదునైన కళ్ళు ఆవిడవి, ప్చ్!"

"ఎవరు చెప్పారు?"

"ఆవిడే చెప్పింది. మీరెందుకు దిగారని బార్నీ అడిగితే."

నాకు అర్థం కావడానికి రెండు మెట్లు పట్టింది. ఫిన్టన్ పదకొండు సార్లు వరసగా ఓడాడని తెలిస్తే మా వాళ్ళు ఊరుకోరు. వీడికి గుండె జారింది అని తెలిసిన మనిషి మీద ప్రతి వాడూ పందెం పెంచుతాడు, ఏ ముక్కలున్నా లేకపోయినా. అది మా ఆట పద్ధతి. దురదృష్టంతో నలిగిపోయి వచ్చాడని నమ్మి నోరీన్ నన్ను కాపాడింది. అందుకోసం కొత్తగా వచ్చిన కళ్ళని పోయాయని చెప్పింది.

లోపలికి వెళ్ళేసరికి చిన్న బల్ల దగ్గర ఆవిడ కూర్చుని ఉంది. బార్నీ కొత్త పేక విప్పుతున్నాడు. అంకెలు అరచెయ్యంత ఉండే పేక. చూపు ఆనని వాళ్ళు వచ్చే శుక్రవారాలకని కొన్నది.

"దీనితో ఆడదాం నోరీన్, నీకు సుఖంగా ఉంటుంది," అన్నాడు బార్నీ, పసిపిల్లతో మాట్లాడినట్టు గొంతు పెంచి. కళ్ళు సరిగా లేవంటే మా వాళ్ళు చెవులు కూడా పోయాయనుకుంటారు.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి బార్నీ," అంది నోరీన్. ముక్కలు మొహానికి దగ్గరగా పెట్టుకుని కళ్ళు చికిలించింది. అంత దగ్గరగా పెట్టుకుంటే ఆవిడకిప్పుడు మసకగా కనిపిస్తుందని నాకు తెలుసు. బల్ల అవతల చివర మాట్టీ చొక్కా గుండీకి ఎన్ని కన్నాలో చెప్పగలదని కూడా తెలుసు.

నేను కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. కాలు నా కాలికి తగిలించి, నాకు మాత్రమే వినిపించేలా అంది, "నోరు మూసుకుని ఆడుకో. నీ మీదికి ఎవరూ రారు."

నోరు మూసుకున్నాను. నాలుగు ఆదివారాలు మూసుకున్నాను. ప్రతి వారం ఆట అయ్యాక ఆవిడ ఇంట్లో టీ, హ్యామ్ సాండ్‌విచ్, డబ్బా లెక్క. పది యూరోలు పెరిగేది, ఇరవై పెరిగేది. ప్రతి వారం ఇవాళ చెబుతాను అనుకుని వెళ్ళేవాణ్ణి. ఆవిడ కొత్త కళ్ళతో కిటికీ బయటి సంగతులు చెప్పేది. సాండ్‌విచ్ నాకు అట్టముక్కలా ఉండేది. ఇంటికొచ్చి వండుకున్నది కూడా అంతే. యాభై యూరోల బల్ల దగ్గర ఆడుతూ కూడా నాకు అన్నం రుచి తెలియలేదు.

మూడో ఆదివారం ఒకటి జరిగింది. నోరీన్ చేతిలో గెలిచే ముక్కలున్నాయి. ఆవిడ కళ్ళు చికిలించి, తటపటాయించి, "ఇది డైమనా, ఆఠీనా?" అని మాట్టీని అడిగింది. ఎవరికో అనుమానం వచ్చిందని అనిపించి ఉంటుంది. మాట్టీ చూసి చెప్పాడు. అందరూ ఆవిడ ముక్కలు తెలుసుకుని పందెం నుంచి తప్పుకున్నారు. ఆవిడకి రావలసిన ముప్ఫై యూరోలు రాలేదు. నా కోసం, నా అబద్ధం కోసం, పదిహేనేళ్ళు పెద్ద పెద్దవాళ్ళ బిళ్ళలు లాక్కున్న మనిషి అందరి ముందూ ఎర్రరంగు ముక్కలు గుర్తుపట్టలేనట్టు నటించింది. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

ఐదో ఆదివారం ఆట మొదలయ్యే ముందు బార్నీ చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. మూడు బల్లల వాళ్ళూ తలలు తిప్పారు. బార్నీ మధ్య బల్ల గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఒక్క నిమిషం. మేమంతా ఒక మాట అనుకున్నాం. నోరీన్ ఈ క్లబ్బుకి పెద్ద దిక్కు. ఆవిడ మళ్ళీ పెద్ద ఆటలకి ఇబ్బంది పడక్కర్లేదు. ఇక హాయిగా చిన్న బల్ల దగ్గరే కూర్చుంటుంది. అందుకని..." అని మూడో కొక్కెం మీది కప్పు తీశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. మనసారా కొట్టారు. కొందరి కళ్ళు చెమర్చాయి కూడా. నోరీన్ నవ్వుతోంది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, బొటనవేలితో ఉంగరాన్ని గుండ్రంగా తిప్పుతోంది. ఆవిడ ఆ ఉంగరం తిప్పడం భర్త శవపేటిక దగ్గర ఒకసారి చూశాను.

"ఆ కప్పు అక్కడ పెట్టు బార్నీ," అన్నాను.

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. విననివాళ్ళు ఇంకా కొడుతున్నారు. మళ్ళీ గట్టిగా అన్నాను. లేచి నిలబడ్డాను. నోరీన్ నా చొక్కా లాగింది, "కూర్చోరా."

"ఆవిడ కళ్ళు నీకంటే నాకంటే బాగున్నాయి. గాల్వేలో ఆవిడ ఆడలేదు. డబ్బు పోగొట్టింది నేను. కార్క్‌లో. పెద్ద బల్ల దగ్గర కూర్చుని. మా డబ్బాలోంచి రెండున్నర వేలు తీసుకుని."

చొక్కా మీది చెయ్యి వదిలేసింది. నేను ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. రోనన్ సంగతి చెప్పాను, చిల్లర మాట చెప్పాను, వ్యాన్‌కి రెండోసారి వెళ్ళడం చెప్పాను. రాజులు పడేయడం కూడా చెప్పాను.

"ఆగాగు," అన్నాడు మాట్టీ. "మధ్యలో రెండు వేల పైన ఉంది. నువ్వు పెట్టాల్సింది నాలుగొందలు. చేతిలో రాజులు. పడేశావా?"

"పడేశాను."

"వాడి దగ్గర?"

"ఏమీ లేదు."

మధ్య బల్ల దగ్గర ఒకడు ఈల వేశాడు. తర్వాత నవ్వులు. "ఫిన్టన్, ఈ వారం మా బల్లకి రావయ్యా, కుర్చీ నేనే తుడుస్తా!" అని పెద్ద బల్ల నుంచి ఎవరో అరిచారు. ఇవన్నీ నాకు రావలసినవే. వాటికి నేను సిద్ధంగా ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది, అందరి ముందూ ఒప్పుకున్నాను కదా అని. నోరీన్ వైపు చూశాను. ఆవిడ కళ్ళలో నీళ్ళుంటాయని, నా చెయ్యి పట్టుకుంటుందని అనుకున్నానేమో.

ఆవిడ నన్ను ఒక కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

"నాలుగు ఆదివారాలు నా ఇంట్లో టీ తాగావు," అంది మెల్లగా. "అక్కడ చెప్పడానికి నోరు రాలేదా? వీళ్ళందరి కంటే ముందు నాకు చెప్పాలనిపించలేదా?"

ఆ మాట నాకు నిజంగా తట్టలేదు. ఆవిడ తెలియకుండా నన్ను మోసింది. ఆ సంగతి క్లబ్బంతటితో పాటు ఆవిడ కూడా ఇప్పుడే విన్నది. నా పాపం కడుక్కోవడానికి ఆవిణ్ణి అందరి ముందూ రెండోసారి వెర్రిదాన్ని చేశాను.

నోరీన్ లేచింది. పదకొండు అడుగులు నడిచి బార్నీ చేతిలోంచి కప్పు తీసుకుని మూడో కొక్కేనికి తనే తగిలించింది. "ఇది ఇక్కడే ఉంటుంది. నేనొస్తాను." తర్వాత వెనక్కి వచ్చి కూర్చుంది. "ఆ పిల్లల పేక తీసెయ్ బార్నీ. మామూలుది పట్రా. మాట్టీ, నీ మోచేతి కింద బిస్కెట్ ముక్కుంది, పారెయ్."

ఆ రోజు ఆవిడ ఎనభై యూరోలు గెలిచింది. అందులో ముప్ఫై నావి.

ఆట అయ్యాక ఎప్పటిలాగే ఆవిడ ఇంటికి వెళ్ళాం. టీ పెట్టలేదు. డబ్బా తెచ్చి బల్ల మీద రెండు వరసలుగా నోట్లు పంచడం మొదలుపెట్టింది, పోస్టాఫీసులో పంచినట్టు చకచకా.

"నోరీన్, మొత్తం నువ్వే తీసుకో. పోయిన రెండు వేల వంద కూడా బ్యాంకు నుంచి తెచ్చిస్తాను."

"ఇంటి డబ్బు."

"పోనీ నా సగమైనా తీసుకో. నీకు మొత్తం నాలుగు వేలు అవుతాయి, నీ కుర్చీ నీకుంటుంది."

పంచడం ఆపింది. "డబ్బు పోయింది, సరే. పేకలో డబ్బు పోకుండా ఉంటుందా? నా వాడు పదకొండు సార్లు దెబ్బ తిని వచ్చాడు, పాపం అనుకున్నాను. వాడి పరువు కోసం ఆ ముసలి వెధవలందరి ముందూ గుడ్డిదాన్నయ్యాను. ఇప్పుడు నీ దగ్గర దానం కూడా పట్టమంటావా?"

నా వరస నా ముందుకు తోసింది. చెరొకరికి పందొమ్మిది వందల చిల్లర. అందులో ఎవరి సగంతోనూ మధ్య బల్ల దగ్గర కూర్చోలేరు. ఆవిడకి అది నాకంటే ముందే తెలుసు. డబ్బా మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

"నీ డబ్బుకి ఏ బల్ల సరిపోతుందో ఇక నువ్వే చూసుకో," అని తలుపు దాకా వచ్చింది. వాన పడుతుంటే గొడుగు ఇచ్చింది. అది కూడా ఇవ్వకపోతే బాగుండేది.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. ఇద్దరం చిన్న బల్ల దగ్గరే ఆడుతున్నాం, ఎదురెదురుగా. ఆవిడ డబ్బాలో ఎంతుందో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. మూడో కొక్కేన కప్పు మీద దుమ్ము పేరుకుంటే బార్నీ వారం వారం తుడుస్తాడు. నోరీన్ మాత్రం అతిథులకిచ్చే కాగితం కప్పులో తాగుతుంది. నా కప్పు ఆ మర్నాడే నేను తీసేశాను. ఇంట్లో సింకు కింద ఉంది.

నాతో మామూలుగానే మాట్లాడుతుంది. మోకాళ్ళెలా ఉన్నాయని అడుగుతుంది, వానల గురించి చెబుతుంది. నాన్నా అని మాత్రం పిలవదు. నేను పందెం పెంచినప్పుడు, ఐదు యూరోలైనా సరే, ముక్కలు బల్ల మీద బోర్లించి, ఆ పదునైన కళ్ళతో నా మొహంలోకి చూసి అడుగుతుంది.

"ఆ డబ్బు నీదేనా, ఫిన్టన్?"

మొదట్లో బల్లంతా నవ్వేది. ఇప్పుడు అలవాటైపోయి ఎవరూ నవ్వడం లేదు. ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది, నేను చెప్పేదాకా ఆగుతుంది.

"నాదే, నోరీన్," అంటాను.

అప్పుడు ఆవిడ తన ముక్కలు చూసుకుంటుంది.